ఎవరి దోర వారిది

జూలై 4

కొత్త ఉద్యోగంలో చేరాను. పండ్ల పరిశోధన కేంద్రం, నాణ్యత విభాగం. ఎనిమిదేళ్ళు జ్యూస్ కంపెనీలో క్వాలిటీ చూసి చూసి, పండంటే డ్రమ్ముల్లో వచ్చే ద్రవమని నమ్మే స్థితికి వచ్చాక మానేశాను. ఇక్కడ ఒక ఏడాది ఉంటాను. తర్వాతి సంగతి తర్వాత.

అక్కా బావల ఇంట్లో మేడమీద గది నాది. కింద బావ పండ్ల దుకాణం. పొద్దున బయల్దేరుతుంటే, పళ్ళకి మార్కులేసే పంతులమ్మ వెళ్తోంది, మన సరుకుని ఫెయిల్ చెయ్యొద్దని చెప్పు అని బావ అక్కతో అన్నాడు. నాకు వినబడాలనే అన్నాడు. మరదలిని ఏడిపించకపోతే ఆయనకి తిన్నది అరగదు.

మా విభాగం హెడ్ గురించి గేటు దగ్గరే హెచ్చరిక అందింది. వెనకాల అందరూ వగరు మేడం అంటారట. ఆవిడతో మాట్లాడితే పచ్చికాయ కొరికినట్టు ఉంటుందట.

జూలై 5

నిజమే. వగరే.

పొట్టి మనిషి. మట్టి కొట్టుకుపోయిన బూట్లు, జేబులో చాకు. వచ్చే ఫిబ్రవరిలో రిటైరవుతుంది. నా సర్టిఫికెట్ల వైపు కూడా చూడలేదు. పళ్ళెంలో మూడు జామ ముక్కలు పెట్టి తినమంది. తిన్నాను. మొదటిది తీపి పదకొండు డిగ్రీలు, రెండోది పన్నెండు పైన, మూడోది పది అన్నాను. కంపెనీలో నన్ను నడిచే మీటర్ అనేవాళ్ళు, ఆ గర్వం ఇంకా దిగలేదు. అంకెలు చెప్పడానికి అక్కడ మెషీన్ ఉంది, దానికి జీతం కూడా అక్కర్లేదు, ఎలా ఉందో చెప్పు అంది. ఒళ్ళు మండింది. మొదటిది చప్పన, మూడోది నాలుక గీరుతోంది, రెండోది ఇంకో ముక్కుంటే పెట్టండి అన్నాను.

నవ్విందో లేదో తెలీలేదు. ఇంకో ముక్క మాత్రం పెట్టింది.

జూలై 16

కేంద్రంలోని జామతోట రెండు ముక్కలు. A బ్లాక్‌లో అందరూ చేసినట్టే చేస్తారు. నిండుగా నీళ్ళు, బస్తాల ఎరువు, నెలనెలా మందు కొట్టడం. B బ్లాక్ మేడం సొంత బిడ్డ. నీళ్ళు సగమే. నేల కనబడకుండా ఎండుటాకులు పరిచి, మధ్యలో పప్పుజాతి మొక్కలు పెంచుతారు. మందు కొట్టరు, పండుఈగ కోసం కొమ్మలకి ఎర డబ్బాలు వేలాడదీస్తారు. ఆరేళ్ళుగా రెండు బ్లాకుల కాయల్నీ పక్కపక్కన పెట్టి కొలుస్తోంది. ఆరేళ్ళూ B కాయే తియ్యన. తేడా డిగ్రీకి పైనే. సగం నీళ్ళతో ఎక్కువ తీపి అంటే మాటలు కాదు. ఆవిడ పరిశోధన పేపర్ని ఎక్కడెక్కడి వాళ్ళో వాళ్ళ పేపర్లలో చెప్పుకుంటారు.

ల్యాబ్‌కి వచ్చే క్రేట్ల మీద నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఏ బ్లాకో ఆఫీసు గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలీదు. కొలతలన్నీ అయ్యాక ఆయనొచ్చి చదువుతాడు. ఒకసారి ఒక క్రేటులో ఎండుటాకు అంటుకుని వచ్చిందని, దాన్నిబట్టి బ్లాకు తెలిసిపోతుందని, ఆ క్రేటు మొత్తం మేడం పారబోయించిందట. ఇంత అనుమానం ఎవరి మీద అని అడిగాను. నా మీదే, కాకిపిల్ల కాకికి ముద్దు కదా అంది.

కంపెనీలో మా బాస్ రిపోర్టు ముందు రాయించి, కొలతలు తర్వాత తీయించేవాడు.

ఆగస్టు 3

వానాకాలం కోత మొదలైంది. రోజుకి రెండువందల కాయలు కొయ్యడం, పిండడం, నొక్కడం. జుట్టు కూడా జామ వాసన. అక్క నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు, ఈగలు వెంట వస్తున్నాయంటుంది.

ఆగస్టు 27

ఇవాళ జీపులో రైతుల తోటలు చూడ్డానికి మేడంతో వెళ్ళాను. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని వెనక్కి తిరక్కుండా తన కథంతా చెప్పింది. అడిగితే చెప్పేది కాదు, రోడ్డు బాగాలేదు కాబట్టి చెప్పింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆడవాళ్ళని తోటల్లోకి పంపేవాళ్ళు కారట. జాం విభాగంలో కూర్చోబెట్టారట. రోజూ దెబ్బతిన్న పండ్లు వచ్చేవి, వాటిలో పంచదార పోసి ఉడికించడం. జాంలో పంచదార పోశాక పండు చేసిన తప్పు ఎవరికీ కనబడదు అంది. పండు ఎందుకు పాడవుతోందో అడగడానికి ఎవరూ లేరని, తనే అడుగుతానని పై అధికారికి అర్జీ పెట్టిందట. ఆయన ముందు నవ్వాడట. మళ్ళీ పెట్టిందట. ఏడోసారికి ఆయనే విసిగి, పో, ఎండలో మాడి నువ్వే తిరిగొస్తావు అన్నాడట. తిరిగి రాలేదు.

ఈ ప్రాంతంలో ప్రతి తోటలో వేలాడే ఎర డబ్బా మేడం తెచ్చిందే. మొదట్లో రైతులు డబ్బాల డాక్టరమ్మ అని ఎగతాళి చేశారట. ఇవాళ మేము వెళ్ళిన మూడు తోటల్లోనూ డబ్బాలున్నాయి. మూడింట్లోనూ ఎవరికీ అవి ఎవరు తెచ్చారో తెలీదు. ఒక రైతు వాటిని ఎలా కట్టాలో మేడంకే నేర్పించబోయాడు. ఆవిడ శ్రద్ధగా నేర్చుకుంది. నాకు నవ్వు ఆగలేదు, ఆవిడ కళ్ళతోనే గదిమింది.

ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారని నాకు తెలీదు.

సెప్టెంబర్ 14

వానాకాలం లెక్క తేలింది. గుమాస్తా చదివాడు. ఈసారీ B.

అక్టోబర్ 9

జామ రైతుల సంఘం అధ్యక్షుడు వచ్చాడు. భారీ మనిషి, కుర్చీ కిర్రుమంది. జనవరిలో వాళ్ళ పెద్ద సభ. సంఘంలోని తోటలన్నీ వచ్చే ఏడాది నుంచి B పద్ధతికి మారాలా వద్దా అన్నది అక్కడ తేలుస్తారు. తను మాత్రం మేడం మాట మీద కిందటేడే పదెకరాలు మార్చేశాడు. జలాశయంలో నీళ్ళు ఏడాదికేడాది తగ్గుతున్నాయి, అయినా నీళ్ళ కోసమంటే మావాళ్ళు వినరు, తీపి కోసమంటేనే వింటారు అన్నాడు. పన్నెండు డిగ్రీలు దాటిన కాయకే మంచి ధర అని పెద్ద కొనుగోలుదారు ఒకడు కబురు పెట్టాడట. మీరు స్టేజీ ఎక్కి ఆ తీపి ముక్క చెప్పండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు.

అదే సభలో మేడంకి జీవిత సాఫల్య పురస్కారం కూడా ఇస్తారట. డైరెక్టర్ ముఖం వెలిగిపోయింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

మేడం మాత్రం, జీవితం ఇంకా అవలేదు కదా అంది.

నవంబర్ 12, మధ్యాహ్నం

చలికాలం కోత. ల్యాబ్‌లో కరెంటు పోతే తోటలోకి వెళ్ళాను. A బ్లాక్‌లో కోసేది ఒక ముఠా, B బ్లాక్‌లో కోసేది ఇంకో ముఠా. మొదటినుంచీ అంతే. ఒక బ్లాకులో తిరిగిన కాళ్ళు రెండో దాంట్లోకి మందులూ పురుగులూ మోసుకురాకూడదని మేడం పెట్టిన నియమం.

A ముఠా మేస్త్రి మిగతా రోజుల్లో దూరపు మార్కెట్లకి లారీలు నింపుతాడు. B ముఠాని నడిపే ఆవిడ మిగతా రోజుల్లో బుట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్ముతుంది. దారిలో క్రేట్లు ఎదురుపడ్డాయి. లారీ మేస్త్రి ఆవిడ క్రేటులోకి చూసి, ఇవి కోసిన కాయలా, రాలిన కాయలా అన్నాడు. ఆవిడ ఊరుకుంటుందా, నీవి కాయలా, పిందెలా, గోడకేసి కొడితే గోడ పగులుతుంది అంది. ఇద్దరూ నన్నే తీర్పు చెప్పమన్నారు. దోర కాయే కదా కొయ్యమన్నారు, నేను కోసింది దోర కాదా అని ఇద్దరూ అడిగారు. ఇద్దరి మాటా ఒకటే.

నవ్వుతూ వచ్చేశాను. ల్యాబ్ మెట్లెక్కుతుంటే నవ్వు ఆగిపోయింది.

నవంబర్ 12, సాయంత్రం

దుకాణంలో బావ దగ్గర కూర్చున్నాను. ఎవరో వచ్చి దోరకాయలు కావాలన్నారు, బావ పచ్చగా గట్టిగా ఉన్నవి ఇచ్చాడు. తర్వాతి ఆవిడా దోరవే అడిగింది. ఆవిడకి పసుపు తిరిగినవి ఇచ్చాడు. అదేంటి బావా అన్నాను. ఎవరి దోర వారిది మరదలా, మనిషి మొహం చూసి ఇవ్వాలి అన్నాడు.

నాకు అన్నం సయించలేదు. అక్క నుదురు పట్టుకు చూసింది.

నవంబర్ 14

మేడం పేపర్ మళ్ళీ తీసి చదివాను. B కాయ కోసేనాటికే కాస్త మెత్తగా ఉంటుందనీ, రంగు కాస్త తిరిగి ఉంటుందనీ అందులోనే ఉంది. నీళ్ళూ ఎరువూ తక్కువ కాబట్టి త్వరగా ముదురుతుందని వివరణ కూడా ఉంది. చక్కటి వివరణ. నేనూ నమ్మాను, ప్రపంచమంతా నమ్మింది.

ఇవాళ లారీ మేస్త్రినీ బుట్టలావిడనీ గేటు పక్కన ఏ బ్లాకుకీ చెందని ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. చెరో పది దోరకాయలు కొయ్యమన్నాను. పిండి చూశాను. ఒకే చెట్టు. ఆవిడ కాయల్లో తీపి డిగ్రీ పైన ఎక్కువ.

ఆరేళ్ళ తేడా మొత్తం ఒక్క చెట్టు మీద దొరికింది.

నవంబర్ 15

చెప్పలేదు.

నవంబర్ 16

ఇవాళా చెప్పలేదు. మేడం జనవరి సభకి స్లైడ్లు చేస్తోంది. తీపి గ్రాఫ్‌లో B గీతకి ఏ రంగు బాగుంటుందని నన్నే అడిగింది. ఆకుపచ్చ అన్నాను. 

నవంబర్ 17

చెప్పేశాను.

చీటీ ఏమీ రాసుకోలేదు. రెండు కాయలు బల్లమీద పెట్టి, రెండూ ఒకే చెట్టువి, ఒకటి లారీ మేస్త్రి కోసింది, ఒకటి బుట్టలావిడ కోసింది, ఇద్దరికీ దోర అనే చెప్పాను అన్నాను. ఇరవై కాయల అంకెలూ చెప్పాను. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చాకు తీసి రెండూ కోసి, ఒక్కో ముక్క తింది. నాకు పెట్టలేదు.

కోత సూచనల్లో ఆ మాట ఎవరు రాశారు అని అడిగింది. మీరే అన్నాను. అవునంది. అసలు ఇంగ్లీషులో నాలుగు లైన్లుండేదట, చర్మం రంగు ఇంత, గట్టిదనం ఇంత అని. తోటలో ఎవరికి అర్థమవుతుంది, వాళ్ళ మాటలో చెప్పాలని కొట్లాడి, నాలుగు లైన్లూ తీసేసి ఒక్క మాట పెట్టించిందట. దోర. ఆ మాట దొరికిన రోజు నాకెంత గర్వంగా ఉండిందో అంది. ల్యాబ్‌లో అందరి కళ్ళకీ గంతలు కట్టాను, చెట్టు దగ్గర మాత్రం మర్చిపోయాను అంది.

నన్ను తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని ఇంకా భయపడ్డాను. రెండూ చెయ్యలేదు. ఒక్క చెట్టుని నమ్మకూడదు, రేపట్నుంచి ముఠాల్ని మార్చెయ్యి, బూట్లు కడిగించు, A వాళ్ళు B లో కొయ్యాలి, B వాళ్ళు A లో కొయ్యాలి, నా లెక్క తప్పయితే ఈసారి A తియ్యగా ఉండాలి అంది. పంపు దగ్గరికి వెళ్ళి చాకు కడిగింది. చిన్న చాకు. చాలాసేపు కడిగింది.

ఇన్నాళ్ళూ ఈ డైరీలో అంది, చేసింది, వచ్చింది అని రాస్తున్నాను. ఇకనుంచి చేతకాదు. అన్నారు అనే రాస్తాను.

నవంబర్ 28

గుమాస్తా నంబర్లు చదివాడు. తియ్యటి క్రేట్లన్నీ A.

అతనికే అనుమానమొచ్చి రెండోసారి చదివాడు.  మంచి ప్రయోగం, ఇంత స్పష్టమైన జవాబు నా సర్వీసులో రాలేదు అన్నారు మేడం. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను.

డిసెంబర్ 2

డైరెక్టర్ గదిలో పంచాయితీ. మేడం విషయం చెప్పి, పేపర్‌కి సవరణ పంపేశానన్నారు. పంపుతాను కాదు, పంపేశాను. జనవరి సభలో తనే చెబుతానన్నారు, ఆ పురస్కారం ఆపించమన్నారు.

డైరెక్టర్ చెడ్డవాడు కాదు. నీళ్ళ ఆదా నిజమే కదా, నేల బాగుపడటం నిజమే కదా అన్నాడు. తీపి ఆశ చూపకపోతే ఒక్క రైతూ మారడు, జలాశయం ఎండిపోతుంది, అప్పుడు ఆ పాపం ఎవరిది అన్నాడు. జనవరి గడవనివ్వండి, తర్వాత నెమ్మదిగా చెబుదాం అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మేడం వైపు ఆశగా చూశాను కూడా.

తీపి చూపించి నీళ్ళు మాన్పిస్తే, తీపి రాని ఏడాది నీళ్ళ ఆదానీ నన్నూ కలిపి తిడతారు, తిట్టాలి కూడా అన్నారు మేడం. తర్వాత ఇంకెవరూ ఏ నిజం చెప్పినా నమ్మరు, మీరు జలాశయం గురించి చెప్పినా నమ్మరు అన్నారు. డైరెక్టర్ పురస్కారం ఫైలు తీసి పక్కన పెట్టాడు.

డిసెంబర్ 6

మేడంతో పెయింట్ షాపుకి వెళ్ళాను. బావ దుకాణం నుంచి వేరువేరు రంగుల్లో అయిదు కాయలు తీసుకెళ్ళాం. నడిమి కాయ రంగు కలపమన్నాం. ఏ గోడకి అని అడిగాడు షాపతను. గోడకి కాదు, జామకాయకి అన్నారు మేడం. బయట రంగు సరిచూడ్డానికి మూడుసార్లు ఎండలోకి వెళ్ళి వచ్చారు. చివరికి కుదిరింది. ప్లాస్టిక్ పట్టీల మీద ఆ రంగు పూయించి, ఒక్కొక్కరి మెడలో ఒకటి వేలాడేలా తాడు కట్టాం. ఇకనుంచి చెట్టు దగ్గర మాట లేదు. పట్టీ కాయకి ఆనించి చూడాలి, రంగు కలిస్తే కొయ్యాలి. రెండు ముఠాలూ రెండు బ్లాకుల్లోనూ కలిసి కొయ్యాలి.

మా మరదలు ఇవాళ దోరకి సున్నం కొట్టించింది అని బావ వచ్చిన గిరాకీలందరికీ చెప్పాడు.

డిసెంబర్ 8

ఈ పట్టీ మరీ పచ్చి అంది బుట్టలావిడ. మరీ పండు అన్నాడు లారీ మేస్త్రి. ఇద్దరికీ నచ్చలేదంటే సరిగ్గా కుదిరినట్టే అన్నారు మేడం.

డిసెంబర్ 24

పట్టీ పెట్టి కోసిన మొదటి క్రేట్ల లెక్క. A, B సమానం. ఎక్కడో మూల చిన్న ఆశ ఉండేది, కాస్తయినా తేడా మిగులుతుందని. మిగల్లేదు.

మేడం ఆ గ్రాఫ్‌ని స్లైడ్లలో మొదటిదిగా పెట్టారు.

జనవరి 9



నిలవ గదిలో కాయలు ఎన్నాళ్ళు ఆగుతాయో చూసే పని నాది. ఆరేళ్ళ పాత లెక్కల్లో అక్కడ B ఎప్పుడూ ఓడిపోయేది. తీపి ఎక్కువ కాబట్టి తొందరగా మెత్తబడుతుందని అనుకునేవాళ్ళం. ఇవాళ తలుపు తీస్తే సగం క్రేట్లు మెత్తబడి వాసన కొడుతున్నాయి, సగం క్రేట్లు నిన్ననే కోసినట్టున్నాయి. గుమాస్తాని లాక్కొచ్చాను. నిలబడ్డ క్రేట్లన్నీ B. గట్టిదనం కొలిచి చూస్తే రెండు రోజులు ఎక్కువ ఆగేలా ఉన్నాయి. ఇన్నేళ్ళూ సగం పండిన కాయని పచ్చికాయ పక్కన పరుగు పందెంలో నిలబెట్టి ఓడించాం. ఒకే రంగులో కోశాక అసలు సంగతి బయటపడింది. దూరపు మార్కెట్‌కి పంపే రైతుకి రెండు రోజులంటే లారీలో కుళ్ళే సరుకంతా మిగలడమే.

మేడం వచ్చి ప్రతి కాయనీ బొటనవేలితో మెల్లగా నొక్కి చూశారు. ఒక్క కాయా వదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

సభకి పన్నెండు రోజులే ఉన్నాయి, ఇది చెప్పేద్దాం, తీపి పోతే పోయింది అన్నాను. వద్దన్నారు. ఒక్క పంట చూసి ఎవరు చెబుతారు, మూడు పంటలు చూడాలి అన్నారు. మీకు ఫిబ్రవరిలో రిటైర్మెంట్ కదా అన్నాను. పంటలకి ఆ సంగతి తెలీదు కదా అన్నారు. పోనీ తొలి సంకేతం అనైనా అనండి అన్నాను. మేడంకి కోపం వచ్చింది. ఆరేళ్ళ కిందట తీపి గురించి కూడా తొలి సంకేతం అనే అన్నాను, వాళ్ళకి ఖాయం అని వినబడింది అన్నారు. సభలో నోరు మెదపనని నా చేత మాట తీసుకున్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడకి తెలుసు.

జనవరి 21, రాత్రి

సభ అయింది.

హాలు కిటకిటలాడింది. తలుపుల దగ్గర కూడా నిలబడ్డారు. మేడం మైకు ముందు ఉపోద్ఘాతమేమీ పెట్టుకోలేదు. B కాయ తియ్యనని ఆరేళ్ళు మీకు చెప్పాను, అది తప్పు అన్నారు మొదటి వాక్యంలోనే. రెండు ముఠాలు, ఒక మాట, ఎలా మోసపోయానో చెప్పారు. మోసపోయాను అనే అన్నారు, మోసపోయాం అనలేదు. ల్యాబ్ మీద పెట్టలేదు, ముఠాల మీద పెట్టలేదు. మాట నాది, దానికి కొలత పెట్టకపోవడం నాది అన్నారు. రంగు పట్టీ ఎత్తి చూపించారు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్న గ్రాఫ్ చూపించారు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. మీ మాట మీద పదెకరాలు మార్చాను, నా మాట మీద ఇంకో ముప్ఫై మంది సిద్ధపడ్డారు, ఇప్పుడు మా మొహాలు ఎక్కడ పెట్టుకోమంటారు అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. కుర్చీ వెనక్కి నెట్టి వెళ్ళిపోయాడు. అతని వెనక హాలు సగం ఖాళీ అయింది.

నా నాలుక చివర రెండు రోజులు అనే మాట ఊగుతోంది. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. స్టేజీ మీంచి మేడం ఒకే ఒక్కసారి నా వైపు చూశారు.

మిగిలినవాళ్ళలో ఒకాయన లేచి, మరి మీరు చెప్పినదాంట్లో అబద్ధం కానిదేమిటి అని అడిగాడు. వెటకారంగానే అడిగాడు. మేడం వెటకారంగా తీసుకోలేదు. నీళ్ళు సగం, అది మీటర్ చెప్పింది, దానికి భాష లేదు కాబట్టి పొరబడదు అన్నారు. పంట బరువు కొంచెం తక్కువ వస్తుంది, ఎంత తక్కువో ఇదిగో అన్నారు. అతను కూర్చోలేదు, ఇంకోటి అడిగాడు. పక్కనున్నవాళ్ళూ అడిగారు. తెలిసినవాటికి జవాబు చెప్పారు, తెలీనివి తెలీదన్నారు. హాలు కాపలాదారు తాళాలు ఆడిస్తూ వచ్చేదాకా సాగింది. చివరికి మిగిలిన కొద్దిమందీ స్టేజీ దగ్గరికి వచ్చి నేల మీదే కూర్చున్నారు, మేడం కూడా కూర్చున్నారు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో, బాధగా ఉందా మేడం అని అడిగాను. ఉందన్నారు. ఆరేళ్ళు కదా అన్నారు. కాసేపయ్యాక ఆకలేస్తోందన్నారు. దారిలో ఆగి ఇద్దరం టీ తాగి బన్ను తిన్నాం.

నేను ఆవిడని ప్రేమిస్తున్నాను. రాయడానికి వేరే మాట దొరకలేదు.

ఇంటికొచ్చేసరికి దుకాణం కట్టేస్తూ బావ, వెళ్ళిన పని కాయా పండా అన్నాడు. దోర అన్నాను. నవ్వలేదు. ఎవరి దోర అని నెమ్మదిగా అడిగాడు.

ఫిబ్రవరి 28

వీడ్కోలు మీటింగ్. డైరెక్టర్ మంచి మాటలే చెప్పాడు, తీపి ఊసెత్తలేదు. మేడం లేచి, నిలవ గది పని ఈ అమ్మాయికి వదిలి వెళ్తున్నాను, ఎవరూ తొందరపెట్టొద్దు అన్నారు. అంతే. వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచారు. ఆశీర్వాదం లాంటిదేమో అనుకున్నాను. నువ్వు పులుపు కొలిచే టైట్రేషన్‌లో చివరి చుక్కకి తొందరపడతావు, చూసుకో అన్నారు.

మార్చి 1

ఆవిడ కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. నేను కూర్చున్నాను. పని ఉంది మరి.

జూలై 4

ఏడాది అయింది. వెళ్ళిపోతానన్న సంగతి ఇవాళే గుర్తొచ్చింది. చెట్ల నిండా పిందెలు. ఇప్పుడెక్కడికి.

సెప్టెంబర్ 18

రెండో పంట. నిలవలో మళ్ళీ B, మళ్ళీ రెండు రోజులు. మేడంకి ఫోన్ చేశాను. కోతల్లో వాన పడిందా, ఎన్ని క్రేట్లు తడిశాయి, తడిసినవి విడిగా పెట్టావా అని అరగంట అడిగారు. సంతోషంగా ఉందా అని నేనడిగాను. ఇంకొకటుంది అన్నారు.

అక్టోబర్ 30

అధ్యక్షుడు ఒక్కడే వచ్చాడు. పదెకరాలనీ వెనక్కి మార్చలేదట. ఎందుకని అడిగాను. మారుద్దామనే అనుకున్నాను, తీపి తప్పని ఆవిడే వచ్చి చెప్పాక మిగతావి నిజమేనేమో అనిపించింది అన్నాడు. రంగు పట్టీలు ఓ వంద కావాలట. పెయింట్ షాపు పేరు చెప్పాను.

ఇది కూడా ఫోన్‌లో చెప్పాను. రంగు ఎండలో సరిచూడమని చెప్పావా అన్నారు మేడం. 

జనవరి 11

మూడోది. B.

మేడంకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు.

జనవరి 20

సంఘం సభ. మూడు పంటల నిలవ లెక్క చెప్పాను. అధ్యక్షుడు మొదటి వరసలో కూర్చుని చివరిదాకా లేవలేదు. వెనక వరసలోంచి మేడం లేచారు. ఎవరో పరాయి రైతులాగా, ముసలి చెట్ల కాయలు కూడా ఇలాగే నిలుస్తాయా అని అడిగారు. ఈ సంఘంలో సగం తోటలు ముసలివే. అందరూ నా వైపు తిరిగారు.

తెలియదన్నాను.

చప్పట్లు కొట్టింది ఆవిడొక్కరే.